మొదటి తాడు

పెద్దలు నన్ను కొట్టలేదు, వెలివెయ్యలేదు, పాట కాపరి పనిలోంచి తీసెయ్యలేదు కూడా. నా పుస్తకం తిరగేసి, ఏ సాయంత్రం ఏం రాశానో, ఏం రాయకుండా మింగేశానో రెండూ కలిపి ఎక్కించి, మా ఊరి అరవై ఒక్క తెప్ప ఇళ్ళకూ చదివి వినిపించమన్నారు. అంతకన్నా నడిబజారులో చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. మాకు బజారు లేదనుకోండి, అది వేరే సంగతి.

నా పేరు మైలపిల్లి ఎర్రయ్య. ముక్కు మీద కోపం ఉంటుందని పేరు. పాట విషయంలో మరీను. పుస్తకం మొదలుపెట్టిన రోజు నుంచి సాయంత్రాలు లెక్కపెడుతూ వచ్చిన పాత రాతని ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను, ఒక్క అక్షరం కూడా దిద్దడం లేదు. దిద్దడం వల్ల ఏమయిందో మీకే తెలుస్తుంది. పేరా మొదట "ఇప్పుడు" అని ఉన్న చోట మాట్లాడేది ఈ రోజు ఎర్రయ్య.

212వ సాయంత్రం

పొద్దున్నే తెప్ప అడుగున పట్టిన గుల్ల గీకాను. నాచు పెంచే తాళ్ళు పన్నెండు తిరగేసి కట్టాను. ఎనిమిది గంటలకే ఎండ పెనంలా కాలుతుంటే పరదాలు దించుకుని లోపలికి పోయాను. ఫోనులో మా బావమరిది జగ్గడు ఓ గంట బుర్ర తిన్నాడు. పొద్దు వాలాక ఆట యంత్రం తుడిచి, అరవై ఒక్క తాళ్ళూ ఒక్కొక్కటే పలికించి చూశాను. నలభయ్యో తెప్ప తాడు ఉప్పు పట్టి బిగుసుకుంది. నూనె రాయండర్రా అని పది రోజుల నుంచి మొత్తుకుంటున్నాను, వింటేనా.

ఆరింటికి అందరూ తాళ్ళు పట్టారు. తెర మీద ఒడ్డు వచ్చింది, ఇసుక వచ్చింది, తాతల నాటి పెద్దవల వచ్చింది. అసలు ఒడ్డు నీళ్ళ కింద ఉంది. పెద్దవల లాగాలంటే కాళ్ళ కింద ఇసుక ఉండాలి కాబట్టి ఇప్పుడు ఆటలోనే లాగుతాం, ఎవరింట్లో వాళ్ళు, గోడకి బిగించిన తాడు పట్టుకుని. లాగితే ఒక మోత, వదిలితే ఒక మోత, అడుగు వెనక్కి వేస్తే గజ్జె. యంత్రంలో సొంత పాటంటూ ఏమీ లేదు. ఎవరి చెయ్యి ఎలా లాగితే అలా పలుకుతుంది. అరవై ఒక్క చేతులూ కలిస్తే పాట, కలవకపోతే గోల.

మొదటి తాడు మా కొర్లమ్మ వదినది. మా అన్న తుపానులో పోయాక పదహారో తెప్ప మీద ఒక్కతే ఉంటోంది. మొదటి తాడుకి మద్దెల పలుకుతుంది, ఆ దెబ్బ వినే మిగతావాళ్ళు లాగుతారు. ఆరేళ్ళలో ఆమె దెబ్బ తప్పడం నేను వినలేదు. ఈ రోజు వల నిండుగా వచ్చింది. పాట ఎంతగా కుదిరిందంటే, ఆట అయిపోయాక కూడా కాసేపటి దాకా ఎవరూ తాడు వదల్లేదు.

కూడికకి ఇంకా పన్నెండు రోజులుంది. సముద్రం మీద ఉన్న తెప్పల ఊళ్ళన్నీ తలా ఒక సాయంత్రం పాట పంపుతాయి. రెండేళ్ళుగా దక్షిణ మేట వాళ్ళదే గెలుపు. వాళ్ళ పాట కాపరి ఆ తర్వాత నెల రోజులు గొంతు సవరించుకుని మరీ మాట్లాడతాడు, వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ ఏడు వాడి సంగతి చూస్తాను.

215వ సాయంత్రం

మద్దెల వెనకబడింది. ముందు నా చెవే తప్పనుకున్నాను. యంత్రం రాత చూస్తే నిజమే, ఆరు దెబ్బలు ఆలస్యం. వల ఒక పక్కకి వాలి సగం చేపలు జారిపోయాయి. పాట కుంటుతుంటే పిల్లలు పకపకా నవ్వారు.

పుస్తకంలో కొర్లమ్మ పేరు కింద ఒక గీత గీశాను. మూడు గీతలైతే పడవ వెళ్ళాలి, అది మా తెప్పల కట్టుబాటు. ఆట పెట్టిన కొత్తలో ఇరవై తొమ్మిదో తెప్ప మీద అన్నదమ్ములిద్దరు జ్వరంతో చచ్చిపోతూ కూడా ఫోనులో "బాగున్నాం" అనే అన్నారు. మా వాళ్ళకి అదొక జబ్బు. ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగున్నాననే అంటారు. అందుకని పెద్దలు మాటని నమ్మడం మానేసి తాడుని నమ్మారు. వరసగా మూడు సాయంత్రాలు ఎవరి తాడు తప్పినా, వాళ్ళకి జోడుగా పెట్టిన మనిషి పడవ తీసుకెళ్ళి కళ్ళారా చూసి రావాలి. వదినకి జోడు జగ్గడు. ఊరు మొత్తానికి ఏడు పడవలు. వదిన తెప్ప అంచున ఉంది, ఎటు నుంచి వెళ్ళినా మూడు గంటలు. ఊరికే పలకరించడానికి ఎవరూ వెళ్ళరు.

216వ సాయంత్రం

మళ్ళీ అదే. తొమ్మిది దెబ్బలు. ఉండబట్టలేక ఫోను చేశాను.

"ఏటి మరిదీ, దొరగారు ఫోను సేసినారు?" అంది వదిన.

"చెయ్యి ఏమైనా నొప్పిగా ఉందా వదినా? దెబ్బ వెనకబడుతోంది."

"నాకేటయ్యింది? రాయిలాగున్నాను. కూసింత తిమ్మిరిగా ఉన్నాది, తాడు కట్టీ కట్టీ. నువ్వు ముందు వేళకి తింతన్నావేటి?"

రెండో గీత గీశాను.

217వ సాయంత్రం

అన్ని తాళ్ళూ బాగున్నాయి. గీతలు లేవు.

ఇప్పుడు: ఆ రోజు నేను రాసింది ఈ ఒక్క ముక్కే. రాయనిది ఇదీ.

ఆట మొదలైన రెండో దెబ్బకే మద్దెల తడబడింది. మూడో గీత గీస్తే మర్నాడు జగ్గడు పడవ తీస్తాడు. డాక్టరమ్మ చూసి సరే అనేదాకా, అంటే కనీసం పదిహేను రోజులు, వదిన తాడు ముట్టుకోకూడదు. కూడికకి ఏడు రోజులుంది. మొదటి తాడు లేని పాట పంపితే దక్షిణ మేట వాడి గొంతు ఈసారి రెండు నెలలు వినాలి.

యంత్రంలో చంటి దిద్దు అని ఒకటుంది. ఏడేళ్ళలోపు పిల్లలు తాడు పట్టినప్పుడు, వాళ్ళ చెయ్యి ఎలా పడినా పాట సరిగ్గా పలికేలా సరిచేస్తుంది. మనకీ అలాగే వినిపిస్తుంది, ఆ పిల్లలకీ అలాగే వినిపిస్తుంది. లేకపోతే బెంగపడి తాడు వదిలేస్తారు. ఏడేళ్ళు నిండిన రోజున దిద్దు తీసేసి, "ఇక నీది సొంత చెయ్యి" అని నోట్లో బెల్లం ముక్క పెడతాం. మాకున్న కొద్ది పండగల్లో అదొకటి.

నలభై మూడేళ్ళ మనిషి తాడుకి నేను చంటి దిద్దు పెట్టాను. మీట నొక్కడానికి ఎంతసేపు పట్టిందని పెద్దలు అడిగారు. అసలు ఆలోచించనే లేదండీ. ఏడు రోజులే కదా అనుకున్నాను. మద్దెల మళ్ళీ చక్కగా మోగింది. హమ్మయ్య అనుకున్నాను, అదీ రాసుకోండి.

224వ సాయంత్రం

గెలిచాం! దక్షిణ మేట వాళ్ళకి మూడో చోటు. వాళ్ళ కాపరి ఫోను చేసి, "మీ మొదటి తాడు ఎవరండీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలి" అన్నాడు. గొంతు సవరించుకోవడం నా వంతయింది. పెద్దలు కూడే పెద్ద తెప్ప నుంచి, వాళ్ళలో ముఖ్యురాలు అసిరమ్మ పెద్దమ్మ అందరికీ వేయించిన నాచు పొట్లాలు పంపింది. జగ్గడు పొట్ట పగిలేలా తిన్నాడట, ఫోనులో త్రేనుస్తూనే ఉన్నాడు.

వదిన నవ్వు చాలా రోజులకి విన్నాను. "మీ అన్నుంటే ఈయేళ గెంతులేసీవోడు," అంది.

230వ సాయంత్రం

అన్ని తాళ్ళూ బాగున్నాయి.

ఇప్పుడు: ఈ సాయంత్రం దిద్దు తీసేద్దామని మీట మీద వేలు పెట్టాను. తీసేస్తే మద్దెల మళ్ళీ తప్పుతుందేమో. గెలిచిన ఆరు రోజులకే తప్పితే, ఆ గెలిచిన పాట సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. జగ్గడైతే తప్పకుండా అడుగుతాడు, వాడి నోరు ఊరుకోదు. నాలుగు రోజులు పోయాక చూద్దాంలే అని వేలు తీసేశాను. ఆ నాలుగు రోజులు ఎప్పటికీ పోలేదు. భయపడ్డాను, అంతే. పరువు పోతుందని భయపడ్డాను. వదిన చెయ్యి ఎలా ఉందో అన్న ఆలోచన నా బుర్రలో ఉందా అంటే, లేదు. ఆ మాట రాయడానికి రెండు పూటలు పట్టింది నాకు.

268వ సాయంత్రం

గాలి ఎక్కువగా ఉంది. పరదా ఒకటి చిరిగితే కుట్టుకున్నాను. వదినే ఫోను చేసింది.

"మరిదీ, సేతిలోంచి సెంబు జారిపోయి సముద్రంలో పడిపోనాది. మీ అన్న కొన్న సెంబు."

"పోనీలే వదినా, ఇంకోటి పంపుతాను."

"సెంబు గురించి కాదు... ఈ మధ్య అన్నీ జారిపోతన్నాయి." మళ్ళీ తనే అడిగింది. "సాయంత్రం నా దెబ్బ ఎలగుంది?"

"దానికేం వదినా, దివ్యంగా ఉంది."

"అదే నానూ ఇన్నాను. అయితే ఏటీ నేదులే," అంది.

ఇప్పుడు: ఆవిడ అడిగిందండీ. నోరు తెరిచి అడిగింది. మా ఊళ్ళో ఎవరూ అలా అడగరు. అడిగిన ఒక్క మనిషికి నేనిచ్చిన జవాబు అది.

301వ సాయంత్రం

కోత పడవ దానంతటదే తిరిగి అన్ని తెప్పల నాచూ తెచ్చింది. పదహారో తెప్ప కట్టలన్నీ వదులు. సగం దారిలోనే విడిపోయాయని జగ్గడు గొణిగాడు. నాకు చిరాకేసి వదినకి ఫోను చేశాను. ముడులు కాస్త బిగించి వెయ్యమ్మా, నీ కట్టలకి పేరుండేది అన్నాను. "అలగేలే" అని పెట్టేసింది. ఎప్పుడూ నాలుగు కబుర్లు చెప్పే మనిషి.

సాయంత్రం పాట బాగుంది.

358వ సాయంత్రం

మధ్యాహ్నం పిడుగు పడి యంత్రం ఆగిపోయింది. చెమటలు కక్కుతూ తీగలు మార్చి, ఆరింటికి ఎలాగో లేపాను. పెట్టిన అమరికలన్నీ చెరిగిపోయి యంత్రం కొత్తదానిలా లేచింది. దిద్దు సంగతి నాకు గుర్తే లేదు.

మొదటి దెబ్బ పడవలసిన చోట ఏమీ పడలేదు. చాలాసేపటికి ఏదో గీరినట్టు ఒక చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ గీరుడు. అరవై తాళ్ళు ఆ దెబ్బ కోసం ఎదురుచూసి, ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగేశారు. వల చిరిగిపోయింది. ఆరేళ్ళలో వల చిరగడం ఇదే మొదలు.

జగ్గడు వెంటనే ఫోను చేశాడు. "బావా, మా జోడుకి ఏటయ్యిందిరా? పడవ తీయనా?"

"వద్దు. యంత్రం తప్పు. పిడుగు పడింది కదా."

వెనకే వదిన. "మరిదీ, మద్దెల పలకట్నేదు. యంత్రం పాడయ్యిందేటి?"

"అవును వదినా. రేపటికి బాగుచేస్తాను."

"అదే. నా సెయ్యేమో అని అదిరిపోనాను," అంది.

ఇప్పుడు: ఆ మాట విన్నాక అన్నం గిన్నెకి మూత పెట్టేశాను. మీట దగ్గరికి వెళ్ళాను. ఒక్కసారి నొక్కితే రేపు మద్దెల చక్కగా మోగుతుంది, యంత్రం బాగయింది అంటారు, ఎవరికీ ఏమీ తెలియదు. మీట మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నొక్కలేదు. అది నా గొప్పతనమేమీ కాదు, ఆ గీరుడు నా చెవిలోంచి పోలేదు, అంతే.

359వ సాయంత్రం

తెల్లవారుతూనే ఎవరికీ చెప్పకుండా పడవ తీశాను. మూడు గంటలు. వదిన తెప్ప అంచున నిలబడి ఉంది. అయిదేళ్ళ తర్వాత చూస్తున్నాను. చిక్కిపోయింది, మొహం పాలిపోయింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంగి, తీగ మీద ఆరేసిన తడిగుడ్డలా వేలాడుతోంది. గరిటె ఎడమ చేతిలో ఉంది. నాచు తాళ్ళు సగం ఊడిపోయి నీళ్ళలో తేలుతున్నాయి.

"ఓలమ్మ, మరిదీ! సెప్పాపెట్టకుండా వొచ్చీసినావేటి? గంజి ఉన్నాది, తాగుతావా?"

"చెయ్యి ఎత్తు వదినా."

ఎత్తబోయింది. మోచెయ్యి లేచింది గాని మణికట్టు లేవలేదు.

"ఎప్పట్నుంచి?"

"కూడిక ముందర తిమ్మిరి. ఆ తరవాత పట్టు పోతా వొచ్చినాది. నాను సానా కంగారు పడ్డాను మరిదీ. కానీ సాయంత్రం తాడు పట్టుకుంటే మద్దెల సక్కగా మోగీది. సెయ్యి బానే ఉన్నాది, ఒంటరిగా ఉండి నాకే లేనిపోని అనుమానాలు వొస్తన్నాయి అనీసుకున్నాను. మోచేత్తో తాడు సుట్టుకుని లాగినా మోగీది. మరింకేటి, బాగున్నట్టే గదా?"

పడవలో ఎక్కించుకుని డాక్టరమ్మ ఉన్న పెద్ద తెప్పకి తిప్పాను. సగం దారిలో చెప్పేశాను, కూడిక, గీతలు, చంటి దిద్దు, అంతా. తెడ్డు వైపే చూస్తూ చెప్పాను.

"సంటి దిద్దా? నాకా?" అంది.

"అవును వదినా."

"ఎన్నాళ్ళు?"

"నూట నలభై ఒక్క సాయంత్రాలు."

తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకుందును. ఎడమ చేత్తో కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.

361వ సాయంత్రం

డాక్టరమ్మ హైమావతి రెండు రోజులు పరీక్షలు చేసింది. వదిన తెప్ప మీద నీళ్ళ యంత్రానికి పాత అతుకు ఒకటి ఉంది. అందులోంచి సీసం కరిగి తాగే నీళ్ళలోకి దిగింది. ఏడాది నుంచి ఆ నీళ్ళే తాగుతోంది.

"తిమ్మిరి మొదలైన కొత్తలో వచ్చి ఉంటే మందుతో చెయ్యి తిరిగొచ్చేది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఎడమ చేతికి పాకకుండా చూడగలను. కుడి చేతి మీద ఆశ పెట్టుకోవద్దు. అయినా మూడు సాయంత్రాల కట్టుబాటు ఉంది కదా, పడవ ఎందుకు వెళ్ళలేదు?"

నేను చెప్పాను. ఆవిడ మందు సీసా మూత పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

బయట జగ్గడు కూర్చుని ఉన్నాడు. వాడికి అప్పటికే తెలిసిపోయింది. తిట్లకి నేను సిద్ధంగా ఉన్నాను. వాడు తిట్టలేదు.

"నాను ఎల్లీవోడిని బావా," అన్నాడు. "నువ్వు ఆ మూడో గీత గీసుంటే నాను ఎల్లీవోడిని. అయిదు నెల్లు ఆ మద్దెల ఇనీసి, మా జోడు బాగున్నాదని హాయిగా తొంగున్నాను. నా సేత అలగ సేయించీసినావు."

నోటి మాటకి తడుముకోని మనిషి. ఆ నాలుగు ముక్కలూ అనడానికి ఎంతసేపు పట్టిందో.

371వ సాయంత్రం

పెద్ద తెప్ప మీద పంచాయితీ. పడవలు పట్టినంత మంది వచ్చారు, మిగతావాళ్ళు ఫోనులో విన్నారు. కూడికలో గెలిచిన పాట వెనక్కి ఇచ్చేశాం. దక్షిణ మేట కాపరికి నేనే ఫోను చేసి చెప్పాను. రెండు ఎగతాళి మాటలు అంటాడనుకున్నాను. "ఆవిడ చెయ్యి ఎలా ఉందండీ?" అని అడిగాడు. ఆ మాట నేను అడగవలసినప్పుడు అడగలేదు.

నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టమని నేనే అన్నాను. అసిరమ్మ పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"తీసీస్తే నువ్వు ఒక మూల కూకుని ఏడుస్తావు, మాకేటి లాభం? ఇంక జనమలో నువ్వు ఆ మీట ముట్టవు. కొత్తోడు ముడతాడో మానతాడో ఎవుడికి తెలుసు?" అంది. తర్వాత ఈ పుస్తకం సంగతి చెప్పింది, రాసి చదవమని.

ఇంకో సంగతి మాత్రం తేలలేదు. వదిన మళ్ళీ తాడు పడితే ఎడమ చేత్తోనే. దెబ్బ ఎప్పటికీ ఆలస్యమే. అంటే ఎప్పటికీ గీతలే. మూడు రోజులకోసారి అంచు తెప్పకి పడవ ఎవరు పంపుతారు? ఆమె ఆలస్యాన్నే ఆమె కొలతగా యంత్రంలో పెట్టేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అన్నారు. వదినని అడిగి చెప్పమని నాకు అప్పగించారు.

ఇక్కడికి పాత రాత అయిపోయింది. ఇక అప్పుడు, ఇప్పుడు అని రెండు లేవు.

387వ సాయంత్రం

వదిన మొన్న తన తెప్పకి వెళ్ళిపోయింది. పెద్ద తెప్ప మీదే ఉండమని అందరూ బతిమాలారు, వినలేదు. నీళ్ళ యంత్రం కొత్తది బిగించాం. జగ్గడు నాచు తాళ్ళన్నీ కట్టి వచ్చాడు, ఎంత బిగించాడంటే విప్పడానికి మళ్ళీ వాడే వెళ్ళాలి.

మొదటి తాడు ఇంకొకరికి ఇద్దామా అని అడిగితే ఒక్క తెప్ప కూడా సరే అనలేదు. పాట ఎలా వచ్చినా పర్వాలేదన్నారు.

388వ సాయంత్రం

ఆమె ఎడమ చెయ్యి తాడు పట్టింది. దెబ్బ ఆలస్యంగా, పల్చగా పడింది. మిగతావాళ్ళు ఆగలేకపోయారు, కొందరు ముందుకి పోయారు, కొందరు వెనక్కి తగ్గారు. వల వంకరగా వచ్చింది. అందులో నాలుగు చేపలున్నాయేమో. ఈసారి పిల్లలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పుస్తకంలో ఒక గీత గీసి, ఫోను చేశాను. పడవలో ఆ రోజు తర్వాత మేమిద్దరం మాట్లాడుకోవడం ఇదే. చాలాసేపు మోగాక తీసింది.

"వదినా, నేను, ఎర్రయ్యని."

"తెలుసు. సెప్పు."

కొత్త కొలత సంగతి చెప్పాను. అది పెడితే నీ దెబ్బ సరైనదే అవుతుంది, గీతలుండవు, నీకు నామోషీ ఉండదు అని, పెద్దలు చెప్పమన్నట్టే చెప్పాను.

"సంటి దిద్దు తీసీసినావా?" అంది వదిన.

"తీసేశాను వదినా. పిడుగు పడిన రోజే పోయింది."

"మరి నాకు బెల్లం ముక్కేది? సొంత సెయ్యి వొచ్చినోళ్ళకి బెల్లం పెడతారు గదా."

ఆవిడ హాస్యానికి అందో, ఏడ్పించడానికి అందో ఇప్పటికీ నాకు తెలియదు. ఏడ్చాను మాత్రం నిజం. ఆమెకి వినిపించే ఉంటుంది.

"ఏడిసింది సాలు, ఇను," అంది. "ఆ కొత్త కొలత నాకొద్దు. నా ఆలీసాన్ని సరైందని పాట సెప్తే, రేపు ఈ సెయ్యి కూడా పడిపోతా ఉంటే ఎవుడికి తెలుస్తాది? నాకే తెల్దు. ఒకసారి నమ్మినాను, సాలు. తప్పు తప్పులాగే మోగనీ."

"అయితే మూడు రోజులకోసారి పడవ రావాలి వదినా. కట్టుబాటు."

"రానీ. ఎవుడొస్తాడో నాకు తెల్దా?"

"నేనే వస్తాను."

"నిన్ను సెమించీసినానని అనుకోకు."

"అనుకోవడం లేదు వదినా."

"అలగైతే రా," అని పెట్టేసింది.

389వ సాయంత్రం

రెండో గీత. గాలి తక్కువగా ఉంది. నలభయ్యో తెప్ప వాళ్ళు ఎట్టకేలకి తాడుకి నూనె రాశారు.

ఈ రోజు ఒక సంగతి విన్నాను. మొదటి దెబ్బ పడేదాకా జగ్గడు తాడు లాగకుండా ఆగాడు. వాడి పక్క తెప్ప కూడా ఆగింది. పాట కుదరలేదు, మధ్యలో మళ్ళీ చెదిరిపోయింది. వచ్చే కూడికకి మేము పంపేది ఇలాంటిదే అయితే దక్షిణ మేట వాళ్ళు గెలుస్తారు. గెలవనీ.

నూట నలభై ఒక్క సాయంత్రాల పాటలు యంత్రంలో దాచి ఉన్నాయి. పక్కనే దిద్దకముందు ఆమె చెయ్యి నిజంగా లాగినది కూడా దాచి ఉంది, పిడుగుకి పోయింది అమరికలే, మోతల్లో యంత్రం ఏదీ పారెయ్యదు. ఈ పుస్తకం చదివి వినిపించే ముందు అవి వినాలని కూర్చున్నాను. మొదటి వారంలో కాస్త ఆలస్యం. నెలకి ఇంకాస్త. చెంబు జారిపోయిన రోజున తాడు రెండు సార్లు చేజారింది. ముడుల గురించి నేను చిరాకుపడిన సాయంత్రం ఆమె జారిన తాడుని పదకొండు సార్లు మళ్ళీ పట్టుకుని లాగింది. అన్నీ పుస్తకంలో రాయదగ్గవే. పడవ పంపమని ఆ చెయ్యి అయిదు నెలలు అడుగుతూనే ఉంది. వినవలసిన పని నాది.

390వ సాయంత్రం

అసిరమ్మ పెద్దమ్మ ఇంట్లో బెల్లం దొరికింది, పిడికెడంత. ఎందుకని ఆవిడ అడగలేదు. గుడ్డలో కట్టి తెడ్డు పక్కన పెట్టుకున్నాను. తెల్లవారుతూనే బయల్దేరాలి.

ఈ రోజు రాయవలసింది: మొదటి తాడు తప్పింది. మూడో గీత. పడవ వెళ్తుంది.